ఎర్రచుక్క గ్లాసు

మా ఇంట్లో గిన్నెలు తోమడం ఇప్పుడు ఒక్క విడతలో అయిపోతోంది. ఇదివరకు రెండు విడతలు పట్టేది. ముందు నావీ, మా ఆయనవీ, మా అమ్మాయివీ తోమి బోర్లించేదాన్ని. తర్వాత చేతులు కడుక్కుని, మరిగిన నీళ్ళు చిన్న బకెట్లో పోసి, ఒక కంచం, ఒక గ్లాసు, ఒక చెంచా విడిగా తోమేదాన్ని. వాటికి వేరే పీచు, వేరే సబ్బు ముక్క. తోమాక అందరి గిన్నెలతో పాటు గూట్లో పెట్టకుండా కిటికీ దగ్గర చెక్క మీద ఆరబెట్టేదాన్ని.

అవి మా తమ్ముడివి. వాడు పోయి మూడు నెలలైంది. ఇప్పటికీ మొదటి విడత అవగానే నా చెయ్యి వేడినీళ్ళ కోసం పొయ్యి వైపు పోతుంది. సగం దారిలో గుర్తొచ్చి ఆగుతుంది.

వాడిది పుస్తకాలకు అట్టలు వేసే పని. యూనివర్సిటీ వెనక గేటు ఎదురు సందులో, జిరాక్స్ షాపుకూ దర్జీ షాపుకూ మధ్య రెండు మంచాలు పట్టేంత గది. అందులో ఒక బల్ల, కాగితాల అంచులు కోసే మిషను, జిగురు డబ్బాలు, అట్ట మీద బంగారు రంగు అక్షరాలు వేసే చిన్న ప్రెస్సు. విద్యార్థులు రాసిన ప్రాజెక్టులూ పరిశోధనలూ వాడి చేతి మీదుగానే బయటికి పోయేవి. గోళ్ళ చుట్టూ ఎప్పుడూ ఎండిన జిగురు పొరలు పొరలుగా ఉండేది. అందుకని పిల్లలు 'జిగురన్న' అని పేరు పెట్టారు. ఇరవై రెండేళ్ళు అదే పేరు. అసలు పేరు బ్యాంకు పుస్తకంలో తప్ప ఎక్కడా వినబడేది కాదు.

నేను ఎప్పుడైనా అటు వెళితే గుమ్మంలో ఎవరో ఒక పిల్లాడు బతిమాలుతూ ఉండేవాడు.

"జిగురన్నా, రేపు పొద్దున్నే ఇచ్చెయ్యాలి. మా సార్ ఊరెళ్ళిపోతారు."

"మూడేళ్ళు రాశావు. మూడు గంటల్లో అట్ట వెయ్యమంటావు. నేనేమన్నా రొట్టె కాలుస్తున్నానా, అటూ ఇటూ తిప్పి ఇచ్చెయ్యడానికి?"

అనేవాడే గానీ, మర్నాడు పొద్దున్నే పుస్తకం సిద్ధంగా ఉండేది.

పేజీలు సర్దేటప్పుడు కంటపడినంత మేర చదివేవాడు. ఏ పుస్తకమూ మొదటి నుంచి చివరిదాకా చదివిన పాపాన పోలేదు. "అక్కా, చేపలు కూడా నిద్రపోతాయట. ఎంతసేపు పోతాయో తెలీదు, ఆ పేజీ దొంతర అడుగుకి పోయింది" అనేవాడు. మా ఆయన వాణ్ణి 'నడిమధ్య పండితుడు' అని ఏడిపించేవారు. "బావా, మొదలూ చివరా అందరికీ తెలుసు. మధ్యలో ఏముందో నాకే తెలుసు" అని వాడు నవ్వేవాడు.

నాకంటే తొమ్మిదేళ్ళు చిన్న. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు. నేను ఐదో తరగతితో బడి మానేసి అప్పటికే ఇంటి పని చేస్తున్నాను. ఒకే కంచం ఒకే మంచం అని లోకంలో మాటవరసకి అంటారు. మా ఇంట్లో నిజంగానే మా ఇద్దరికీ ఒకటే కంచం ఉండేది. చివరి ముద్ద ఎవరిదన్న దగ్గర రోజూ తగువే. నేను వేలితో అన్నం మధ్యన గీత గీసి, "అటు నీది, ఇటు నాది" అనేదాన్ని. వాడు తన వైపు ఊడ్చేసి, నేను తల తిప్పగానే గీత దాటేవాడు. నేను చూడనట్టు ఉండేదాన్ని.

పెళ్ళి చేసుకోలేదు. షాపు దగ్గరే గది తీసుకుని ఉండేవాడు. రెండేళ్ళ కిందట వాడికి జ్వరాలు మొదలయ్యాయి. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వచ్చేవి. మనిషి అగ్గిపుల్లలా అయ్యాడు. మా ఆయన ఆసుపత్రికి తీసుకెళ్ళి, పరీక్షలన్నీ అయ్యాక, "కోలుకునేదాకా మా ఇంట్లో ఉండు" అని తీసుకొచ్చారు.

ఆ రోజు నేను కూరగాయలు తరుగుతున్నాను. వాడు వంటింటి గుమ్మం దగ్గర పీట మీద కూర్చున్నాడు.

"అక్కా, బావకి తెలుసు. నీకు నేనే చెప్పాలని చెప్పొద్దన్నాను. నాకు హెచ్ఐవీ ఉందట."

"ఎలా వచ్చింది?" అన్నాను.

నా నోట మొదట వచ్చిన మాట అది. అన్నేళ్ళుగా వాడు గడప దాటగానే "తిన్నావా?" అనే నోరే నాది. ఆ రోజు ఆ మాట రాలేదు.

"వచ్చిందక్కా. వచ్చిన దారి తెలిస్తే పోయే దారి దొరుకుతుందా?" అన్నాడు. తర్వాత నా మొహం చూసి, నాకే ధైర్యం చెప్పాడు. "రోజూ ఒక మాత్ర వేసుకోవాలి, అంతే. ఆపకుండా వేసుకుంటే అందరిలాగే బతుకుతానట. ముసలాణ్ణయ్యేదాకా నీ చేత తిట్లు తింటానని డాక్టరమ్మ హామీ ఇచ్చింది."

మా అమ్మాయి వాడు అట్టలు వేసే ఆ యూనివర్సిటీలోనే చదువుతోంది. సాయంత్రం ఇంటికి రాగానే దాన్ని పక్కకి పిలిచి చెప్పాను. మా ఇంట్లో చదువుకున్నది అదే. అది ఏం చెబితే అది చెయ్యాలనుకున్నాను.

"మామయ్యని ముట్టుకుంటే ఏం కాదమ్మా. రక్తం వల్ల వస్తుంది, సూదుల వల్ల, జాగ్రత్త లేకుండా కలిస్తే వస్తుంది, తల్లి నుంచి బిడ్డకి రావచ్చు. మాకు స్కూల్లో పాఠం ఉంది" అని గడగడా చెప్పింది.

"మరి కంచాలూ గ్లాసులూ?"

"వాటి వల్ల రాదు." గూట్లో గిన్నెల వైపు చూసింది. "కానీ ఎందుకైనా మంచిది, విడిగా పెడదాం. మా క్లాసులో ఒకమ్మాయి చెప్పింది, వాళ్ళకి తెలిసినవాళ్ళ ఇంట్లో అన్నీ విడిగానే పెట్టారట."

ఎందుకైనా మంచిది. ఆ రెండు మాటలూ ఆ రోజు మా ఇంట్లో కాపురం పెట్టాయి. అమ్మాయి గోళ్ళరంగు సీసా తెచ్చి ఒక గ్లాసు అడుగున ఎర్రచుక్క పెట్టింది. ఒక కంచం వెనకా, ఒక చెంచా కాడ మీదా పెట్టింది. ఆరేదాకా ఊదింది కూడా.

మర్నాడు వాడు నీళ్ళు తాగడానికి గ్లాసు పైకెత్తగానే ఎదురుగా ఉన్న మా ఆయన కళ్ళు దాని అడుగుకి పోయాయి. అది గమనించి వాడు గ్లాసు తిప్పి చూశాడు.

"గ్లాసుకి కూడా గోళ్ళరంగు వేశారే. ఎవరి పెళ్ళి?"

అమ్మాయి తల దించుకుంది. "గ్లాసులు కలిసిపోతున్నాయి రా. గుర్తు కోసం" అన్నాను నేను.

"మంచిదే. నా గ్లాసు నాకు దొరుకుతుంది" అన్నాడు.

తిన్నాక కంచం తనే తోముకోబోతే, "నువ్వెందుకు, నేను తోముతాలే" అని లాక్కున్నాను. వాడు అది నా ప్రేమ అనుకున్నాడో లేదో తెలియదు. మా పీచు ముట్టుకుంటాడేమోనని లాక్కున్నాను.

వాణ్ణి నేను చూసుకోలేదని అనలేను. వేళకి వండిపెట్టాను. పొద్దున తిన్నాక గుమ్మంలో నిలబడి, "మాత్ర వేసుకున్నావా?" అని ఒక్కరోజూ తప్పకుండా అడిగాను. "వేసుకున్నాను సూపర్‌వైజరు గారూ" అని నాలుక చాపి చూపించేవాడు. ఐదు నెలలకి బుగ్గలు నిండాయి. మళ్ళీ షాపు తెరిచాడు. ఆసుపత్రిలో రక్తం చూసి, వైరస్ పరీక్షకి కూడా కనబడనంత తగ్గిపోయిందన్నారట.

"కనబడనంత తగ్గిందక్కా. గోళ్ళరంగే తగ్గట్లేదు" అన్నాడు ఆ రోజు అన్నం తింటూ.

నేను నవ్వేసి ఊరుకున్నాను. తోమగా తోమగా ఆ చుక్క చెరిగిపోయేది. చెరిగినప్పుడల్లా మళ్ళీ పెట్టింది అమ్మాయి కాదు, నేనే.

పరీక్షల ముందు రోజుల్లో, సోషల్ వర్క్ చదివే ఒక కళ్ళద్దాల పిల్ల వాడి దగ్గరికి అట్ట వెయ్యమని తన పరిశోధన తెచ్చింది. ఆ యూనివర్సిటీ విద్యార్థులకు హెచ్ఐవీ గురించి ఏం తెలుసు, ఆ తెలిసింది ఎక్కడ తెలుసుకున్నారు అని వందల మందిని అడిగి రాసిందట. నాలుగు కాపీలు కుట్టమంది. అందులో ఒక కాపీలో నాలుగో అధ్యాయం మొత్తం తలకిందులుగా కుట్టేశాడు. ఇరవై రెండేళ్ళలో అలాంటి తప్పు చేసి ఎరగడు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు చంకలో పెట్టుకుని వచ్చాడు. నల్ల అట్ట, బంగారు అక్షరాలు.

"ఆ పిల్ల నవ్విందక్కా. 'నా ఫలితాలన్నీ తలకిందులు చేశావు జిగురన్నా' అంది. తనకి వేరేది కుట్టి ఇచ్చాను. ఇది మిగిలిపోయింది. నువ్వు చదువు."

"నేనా? నాకేం అర్థమవుతుంది రా?"

"మన భాషే. కూడబలుక్కుని చదువు. అంతా అక్కర్లేదు, నాలుగో అధ్యాయం చాలు."

"అదేగా తలకిందులుంది."

"పుస్తకం తిప్పి పట్టుకుంటే సరి. గట్టిగా కుట్టాను, పేజీలు ఎక్కడికీ పారిపోవు."

పప్పుల డబ్బాల పక్కన పెట్టాను. వారం తర్వాత వాడు డబ్బాల వైపు చూసి, తన కంచం వైపు చూసి, "చదివావా అక్కా?" అన్నాడు. "తీరిక లేదు రా" అన్నాను. ఇంకో వారం పోయాక మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. తీరిక లేక కాదు. అందులో ఏముంటుందో చూడాలంటే నాకు భయం. చదివితే ఏదో ఒకటి తేల్చుకోవాలి. చదవకపోతే 'ఎందుకైనా మంచిది' అలాగే నడిచిపోతుంది. వాడు కోరింది పెద్ద కోరికేం కాదు. మా అందరి కంచాలతో కలిపి పెట్టిన కంచంలో తినాలనుకున్నాడు. నోరు తెరిచి అడగలేక పుస్తకం ఇచ్చాడు.

మూడోసారి అడగలేదు.

ఒక మధ్యాహ్నం మేమిద్దరమే తింటున్నాం. ఏదో పుస్తకంలో నడిమధ్య చదివిన కథ చెబుతూ, ఆ ధ్యాసలో, చిన్నప్పటిలా నా కంచంలో ఉన్న వేపుడు ముక్క కోసం చెయ్యి చాపాడు. నేను కంచం వెనక్కి లాక్కున్నాను. ఆలోచించి చేసింది కాదు. వేడి తగిలితే చెయ్యి వెనక్కి వచ్చినట్టు వచ్చేసింది. వాడి చెయ్యి బల్ల మీద అలాగే ఉండిపోయింది.

"గీత దాటానా అక్కా?" అన్నాడు.

వాడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. ఆ కథ చివర ఏమైందో నాకు తెలియదు.

రెండు రోజులకి బట్టలు సంచిలో సర్దుకున్నాడు. "సీజనక్కా, పని ఎక్కువ. షాపులోనే పడుకుంటాను" అన్నాడు. నేను 'ఎందుకు రా' అనలేదు. 'సరే' అన్నాను. ఆ 'సరే'లో నాకు కొంత తేలిక ఉంది. ఆ మాట చెప్పకపోతే ఈ చెప్పిందంతా అబద్ధం.

మధ్యాహ్నం మా ఆయన చేత క్యారేజీ పంపేదాన్ని. సాయంత్రానికి తిరిగొచ్చేది, తళతళా మెరుస్తూ. వాడే తోమి పంపేవాడు. దాన్ని నేను మళ్ళీ వేడినీళ్ళతో తోమేదాన్ని. వారానికోసారి వచ్చి గుమ్మంలోనే నిలబడి మాట్లాడి పోయేవాడు. "మాత్ర వేసుకుంటున్నావా?" అనేదాన్ని. "ఆఁ" అనేవాడు. నాలుక చాపి చూపించేవాడు కాదు. దూరం నుంచి అడిగితే జవాబు కూడా దూరం నుంచే వస్తుంది.

షాపులో పొద్దస్తమానం పిల్లలు వస్తూ పోతూ ఉంటారు. మాత్రల సీసా బల్ల మీద పెట్టుకోలేడు. అక్షరాలు వేసే బంగారు రేకుల చుట్టల కింద దాచుకున్నాడు. అడిగేవాళ్ళు లేక ఒకరోజు మరిచాడు, ఒకరోజు మానేశాడు. నెలనెలా ఆసుపత్రికి వెళ్ళి మందు తెచ్చుకునే తేదీ ఒకసారి తప్పింది. తర్వాత వెళ్ళనే లేదు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఐదు నెలలు గడిచాక ఒకరోజు పక్కషాపు దర్జీ మా ఇంటికొచ్చి, "జిగురన్న లేవట్లేదమ్మా. ఆయాసపడుతున్నాడు" అన్నాడు. ఆసుపత్రిలో చేర్చాం. ఊపిరితిత్తులకి నిమోనియా పట్టిందన్నారు. ఒంట్లో తట్టుకునే శక్తి లేదన్నారు.

మర్నాడు ఇంటి నుంచి వాడికి కావలసినవి సంచిలో పెట్టుకుని వెళ్ళాను. దుప్పటి, తువ్వాలు, కంచం, గ్లాసు. నేను మంచానికి నాలుగడుగుల దూరంలో గోడ పక్కన నిలబడ్డాను. నర్సమ్మ వచ్చింది. వాడి మెడ కింద తన చెయ్యి పెట్టి తల ఎత్తి, చెమట తుడిచి, చెంప నిమిరింది. తొడుగు లేని మామూలు చేత్తోనే.

"మీరు ఈయనకి ఏమవుతారు?" అంది నన్ను.

"అక్కని."

"అక్క అయితే అంత దూరంలో ఎందుకు? ఇలా వచ్చి కూర్చోండి. నీళ్ళు పట్టండి."

సంచిలోంచి గ్లాసు తీసి నీళ్ళు పోసి నోటి దగ్గర పెట్టాను. వాడు రెండు గుక్కలు తాగాడు. గ్లాసు వైపు చూశాడు. మొహంలో ఎక్కడో చిన్న నవ్వు.

"ఇక్కడికి కూడా తెచ్చావా" అన్నాడు.

ఆ తర్వాత వాడు నాతో మాట్లాడింది తక్కువ. నీళ్ళు అన్నాడు, చలి అన్నాడు. ఒకసారి ఎవరో విద్యార్థికి పుస్తకం ఇవ్వాలి, ఎర్ర అట్టది, బల్ల కింద ఉందన్నాడు. తొమ్మిదో రోజు పొద్దున పోయాడు. నర్సమ్మ పిలిచి కూర్చోబెట్టినప్పటి నుంచి నేను వాడి చెయ్యి వదల్లేదు. నర్సమ్మ నాకు అన్నీ విడమరిచి చెప్పింది. "మందు ఆపకుండా ఉంటే ఈయన మీకూ నాకూ లాగే ఉండేవాడమ్మా. ఎందుకు ఆపేశారు?" అని అడిగింది. నాకు తెలుసు.

షాపు ఖాళీ చేసిన వారానికి పప్పుల డబ్బాల పక్కన ఉన్న పుస్తకం తీశాను. కిటికీ దగ్గర కూర్చుని, నాలుగో అధ్యాయం కోసం తిప్పి పట్టుకున్నాను. అక్షరం అక్షరం కూడబలుక్కుంటే ఆరు రోజులు పట్టింది. ఒక పేజీ దగ్గర సన్నటి ఆకుపచ్చ రిబ్బను ఉంది. దాని కొస అట్ట వెనక, పేజీలు కుట్టిన పుస్తకం వీపు లోపలికి పోయి ఉంది. విద్యార్థుల పుస్తకాలకు రిబ్బన్లు ఉండవు. ఉండాలంటే అట్ట అతికించక ముందే వీపుకి జిగురుతో పట్టించాలి. కొత్తలో వాడికి డైరీల పని వచ్చినప్పుడు ఎన్నో రిబ్బన్లు నేనే కోసి ఇచ్చాను. అంటే అట్ట వెయ్యక ముందే ఆ కాపీ ఎవరికో వాడికి తెలుసు. వాడిది పొరపాటు కాదు. నాకివ్వడానికి ఒక కాపీ మిగలాలని చేతులారా చెడగొట్టాడు.

రిబ్బను ఉన్న పేజీలో లెక్కలు ఉన్నాయి. ఒకే కంచంలో తింటే వస్తుందా అని అడిగితే నూటికి ఎనభై ఒక్కమంది 'రాదు' అన్నారు. ఉన్నవారితో కలిసి ఒకే కంచంలో తింటారా అంటే నూటికి అరవై నలుగురు 'తినము' అన్నారు. దాని కింద ఆ కళ్ళద్దాల పిల్ల ఒక్క వాక్యం రాసింది: "రాదని తెలిసినవారిలోనే ఎక్కువమంది తినమన్నారు." ఎదురు పేజీలో, ఎక్కడ తెలుసుకున్నారని. బడి పుస్తకం, ఫోను, టీవీ, స్నేహితులు, గోడల మీది పోస్టర్లు. అన్నిటికంటే అడుగున 'ఇంట్లో' అని ఉంది. నూటికి ముగ్గురు.

అమ్మాయి వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది. చివర ప్రశ్నల కాగితం అతికించి ఉంటే దాన్ని చూసి మొహం మారిపోయింది.

"ఇది మా క్లాసులో కూడా ఇచ్చారమ్మా."

"నువ్వు రాశావా?"

"రాశాను."

"కంచం దగ్గర ఏం రాశావు?"

"రాదనే రాశాను."

"మరి ఇంట్లో?"

అది నా పక్కన కింద కూర్చుంది. "అది పరీక్ష లాంటిదమ్మా. అక్కడ అడిగితే పుస్తకంలో ఉన్నది రాస్తాం. ఇంటికొచ్చాక... అందరూ అలాగే చేస్తారు కదా అనుకున్నాను. మామయ్య ఎప్పుడూ ఏమీ అనలేదు కదా."

"అన్నాడు. నవ్వుతూ అన్నాడు."

దాన్ని తిట్టడానికి నాకు నోరు రాలేదు. చుక్క మొదట పెట్టింది అదే కావచ్చు. చెరగనివ్వకుండా కాపాడింది నేను. అది స్నేహితుల దగ్గర విన్నది నమ్మింది. నాకు చెప్పగలిగినవాడు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ ఉన్నాడు. రెండుసార్లు అడిగాడు.

నిన్న పొద్దున అమ్మాయి గోళ్ళరంగు తుడిచే మందు, దూదీ తెచ్చింది. కంచం వెనకదీ, చెంచా మీదిదీ తుడిచేసింది. గ్లాసు కోసం చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వమ్మా. ఒక్క నిమిషంలో పోతుంది."

"అది ఉండనీ."

"ఎందుకమ్మా? చూసినప్పుడల్లా బాధ."

"బాధగానే ఉండనీ."

"ఎవరైనా అడిగితే?"

"చెబుతాను" అన్నాను.

గిన్నెలన్నీ ఒకే తొట్టిలో వేశాను. మావీ, వాడివీ. ఒకే పీచు, ఒకే సబ్బు. గ్లాసు లోపల తోమాను, అంచు తోమాను, చుట్టూ తోమాను. బోర్లా తిప్పి అడుగున నీళ్ళు మాత్రం పోసి, పీచు పెట్టకుండా, మిగతా గ్లాసుల మధ్య గూట్లో పెట్టాను.